ఫ్యాన్ ఆపి వినాల్సిన పాటలు

"దీనికి సాహిత్యం ఏదిరా?" అని అడిగింది అమ్మ.

పోయిన ఆదివారం మధ్యాహ్నం, రాజమండ్రిలో మా ముందు గది. మే నెల ఎండ. భోజనాలయ్యాయి. ఆవిడ పడక్కుర్చీలో, నేను కింద చాప మీద. బల్ల మీద స్పీకరు పెట్టి ఒక పాట వేశాను. రెండు నిమిషాలు ఓపిగ్గా విని ఆ మాట అడిగింది.

ఊరికే అడగలేదు. విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన మనిషి. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు వీణ నేర్చుకుంది. ఎవరు వీణ మీద 'నగుమోము' ఎత్తుకున్నా ఆవిడ పెదవులు కదులుతాయి. మాట ఎక్కడ పడుతుందో మీటు అక్కడే పడాలని, లోపల పాడుకోకుండా వేళ్ళు కదపకూడదని వాళ్ళ మేష్టారు చెప్పేవారట. మన వాద్య కచేరీలో మాటలు వినిపించవు గాని ఉంటాయి. వీణలో, వయొలిన్‌లో, నాదస్వరంలో కృతి దాగి ఉంటుంది. తెలిసినవాళ్ళు దాన్ని లోపల పాడుకుంటారు.

"లేదమ్మా. దీనికి మాటలే రాసుకోలేదు వాళ్ళు."

"అయితే ఆలాపనా?"

"అదీ కాదు."

ఇంకేమీ అడగలేదు. కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. వద్దనలేదు కాబట్టి ఆపలేదు నేను.

వాయిస్తున్నది 'ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ద స్కై' అనే బృందం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం వాళ్ళది. నలుగురే మనుషులు. మునాఫ్ రయానీ, మార్క్ స్మిత్, మైకేల్ జేమ్స్ గిటార్లు పట్టుకుంటారు. వీళ్ళలో మైకేల్ అవసరాన్నిబట్టి బేస్ గిటారుకు మారతాడు. క్రిస్ హ్రాస్కీ డ్రమ్స్ వాయిస్తాడు. గాయకుడు లేడు. 1999లో, జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాటి బాణసంచాను చూసి క్రిస్ అన్న మాటే బృందం పేరయింది: ఆకాశంలో పేలుళ్ళు. నేను అమ్మకు వినిపించింది 2003లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ 'ది ఎర్త్ ఈజ్ నాట్ ఎ కోల్డ్ డెడ్ ప్లేస్'. ఈ భూమి చల్లారిపోయి చచ్చిపడి ఉన్న చోటు కాదు అని ఆ పేరుకు అర్థం. అయిదే పాటలు, మొత్తం ముప్పావుగంట. పాట అనే మాట అలవాటుకొద్దీ వాడుతున్నాను. పాడేవాళ్ళు లేనిదాన్ని పాట అనవచ్చా అంటే, ఇరవై ఏళ్ళుగా వింటున్నవాడిగా అనవచ్చనే చెబుతాను.

ఈ తరహా సంగీతాన్ని పోస్ట్-రాక్ అంటున్నారు. 1994లో సైమన్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ విమర్శకుడు ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. చేతిలో ఉన్నవి రాక్ వాద్యాలే, చేయించే పని మాత్రం వేరు అన్నది ఆయన ఉద్దేశం. గ్లాస్గోలో మొగ్వాయ్, మాంట్రియల్‌లో గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్ అప్పటికి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా పుట్టాయి. మొగ్వాయ్ నిశ్శబ్దంగా ఉన్నచోట ఉన్నట్టుండి పిడుగు వేసి ఉలిక్కిపడేలా చేస్తుంది. గాడ్‌స్పీడ్ పెద్ద దండు, వయొలిన్లూ సెల్లోలూ ఉంటాయి, ఎక్కడెక్కడో రికార్డు చేసుకొచ్చిన మనుషుల గొంతులు వినిపిస్తాయి. ఆస్టిన్ బృందం ఆ రెండింటి తర్వాత వచ్చింది, ఆ రెండింటికన్నా తక్కువ సరంజామాతో వచ్చింది. నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే.

పదిహేనేళ్ళ కిందట ఈ ఆల్బమ్ మీద మొదటిసారి రాశాను. ఆనాటి నా రాత చూసిన పెద్దాయన ఒకరుండేవారు, డెస్కులో సీనియర్. 'మహోన్నతం', 'హృదయాన్ని మెలిపెట్టే', 'సినిమా చూస్తున్నట్టు', 'అలల్లా ఎగసిపడే' అన్న మాటలన్నిటి మీదా ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి కాగితం వెనక్కి ఇచ్చారు. "ఏమయ్యా, నీకేమయిందో రాశావు. వాళ్ళేం చేస్తున్నారో ఒక్క ముక్క లేదే?" అన్నారు. కొట్టేసినవి తీసేస్తే నా వ్యాసంలో పేర్లూ తేదీలూ మిగిలాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ప్రపంచమంతా ఈ బృందాన్ని మెచ్చుకుంటూ రాసిన రాతల్లో ఎక్కువ భాగానికి అదే ఎర్ర గీత పడుతుంది. మాటలున్న పాటయితే విమర్శకుడికి ఒక ఆసరా ఉంటుంది, కవి ఏమన్నాడో చెప్పి దాని చుట్టూ అల్లుకుపోవచ్చు. ఇక్కడ ఆ ఆసరా లేదు. అందుకని తన కన్నీళ్ళ దగ్గరికి పోతాడు. అవి నిజమైన కన్నీళ్ళే. అయినా అవి వచ్చింది వినేవాడికి. వాయించినవాడి చేతుల గురించి ఇంకా ఏమీ చెప్పినట్టు కాలేదు.

ఆ చేతులు ఏం చేస్తున్నాయో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒక రాత్రి బస్సు ప్రయాణం దారి చూపింది. హైదరాబాద్ నుంచి ఇంటికొస్తూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇదే ఆల్బమ్‌లో రెండో పాట 'ది ఓన్లీ మూమెంట్ వుయ్ వర్ ఎలోన్' విన్నాను. పది నిమిషాల పాట. మొదట్లో గిటారు ఎంత సన్నగా ఉందంటే ఇంజను మోతలో కలిసిపోయింది. సౌండు పెంచాను. ఇంకాస్త పెంచాను. చివరికొచ్చేసరికి నలుగురూ ఒక్కసారిగా మీద పడ్డారు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ లాగేశాను, చెవులు గింగురుమన్నాయి. పక్క సీటులో ఆయన కూడా లేచి చూశాడు.

తప్పు నాదని మర్నాడు తెలిసింది. వాళ్ళు పదిలంగా కొలిచి పెట్టిన ఎత్తుపల్లాలను నేను బటన్‌తో చదును చేశాను. అప్పటినుంచి ఒక పద్ధతి పాటిస్తున్నాను. పాటలో అన్నిటికన్నా పెద్ద మోత ఉన్న చోటికి ముందు వెళ్ళి, చెవికి ఎంత హాయిగా ఉంటుందో అంత సౌండు పెట్టుకుంటాను. తర్వాత మొదటికొచ్చి, ఇక దాన్ని ముట్టుకోను. అప్పుడు మొదటి నిమిషాలు వినీ వినపడనట్టు ఉంటాయి. వినాలంటే మనమే దాని దగ్గరికి జరగాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఆ ఆదివారం ఆపింది అందుకే. అమ్మ గొణుక్కుంటూనే తాటాకు విసనకర్ర అందుకుంది.

ఈ బృందం పనితనమంతా ఆ మోతాదులో ఉంది. బాణీ విషయానికొస్తే సాదాసీదాగా ఉంటుంది. నాలుగైదు స్వరాలు, చిన్నపిల్లలు కూడా కూనిరాగం తీయవచ్చు. రాగవిస్తారం లేదు, వేళ్ళ విన్యాసం లేదు, ఎవరూ ముందుకొచ్చి ఒంటరిగా తన ప్రతాపం చూపించరు. మన కచేరీలో రాగం ఏమిటి, కాలం ఏమిటి, గమకం ఎలా పలికింది అని వింటాం. శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది పెద్దగా పట్టించుకోం, అది మైకు అబ్బాయి పని. వీళ్ళు ఆ పట్టించుకోని దాన్నే రచనగా చేశారు. ఎప్పుడు ఎంత గట్టిగా, ఎవరు ముందు తగ్గాలి, ఎవరు పూర్తిగా ఆగిపోవాలి, ఆగినవాడు ఎన్నాళ్ళకు తిరిగి రావాలి, ఇవన్నీ వాళ్ళకు స్వరాలంత ముఖ్యం.

తీగ వాద్యానికి పుట్టుకతో ఒక బాధ ఉంది. మీటిన క్షణంలో స్వరం పుడుతుంది, వెంటనే చావడం మొదలుపెడుతుంది. వీణ దానికి గమకంతో బదులు చెప్పింది. తీగను మెట్టు మీద లాగి, ఉన్న కాస్త నాదాన్నీ వంచి పాడిస్తుంది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ చేతికి తీసుకోవడంలో ఉన్నదీ ఆ బాధకు మందే. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకుని, కరెంటు సాయంతో గమకాన్ని నిలబెట్టాడు. ఆస్టిన్ వాళ్ళు వేరే దారి పట్టారు. ఒకే తీగను పైకీ కిందికీ ఆపకుండా, కంటికి అందనంత వేగంగా మీటుతూ పోతారు. విడివిడి మీటులు కలిసిపోయి కమానుతో లాగినట్టు వినిపిస్తాయి. కాళ్ళ దగ్గర పెట్టుకున్న డిలే పెడల్ ఒక స్వరాన్ని పట్టి కాసేపయ్యాక తిరిగి పలికిస్తుంది, మళ్ళీ ఇంకాస్త సన్నగా పలికిస్తుంది. ఇంకో పెట్టె ఆ స్వరానికి పెద్ద గుడి మంటపంలో ఉండే గుంయిమనే మోతను అద్దుతుంది. ముగ్గురు గిటారిస్టులు ఈ పని మూడు ఎత్తుల్లో చేస్తుంటే ఏ స్వరం ఇప్పటిదో ఏది ఇందాకటిదో చెప్పడం కష్టం. ఈ సంగీతంలో ఎప్పుడూ ఏదో గుర్తొస్తున్నట్టు ఉంటుందని చాలామంది అంటారు. ఇందాకటి స్వరం ఇంకా గదిలోనే ఉండగా కొత్త స్వరం వస్తోంది కదా, అందుకని అలా ఉంటుంది.

ఇప్పుడు అమ్మ విన్న మొదటి పాటకు వస్తాను. దాని పేరు ఆవిడకు చెప్పలేదు, కావాలనే చెప్పలేదు. ఒక గిటారు ఒకే స్వరాన్ని సమానమైన దూరాల్లో కొడుతూ మొదలవుతుంది. ఆసుపత్రిలో మంచం పక్కన ఉండే మానిటర్ మోగినట్టుంటుంది. కొంతసేపటికి దాని కింద కిక్ డ్రమ్ వస్తుంది, చాలా నెమ్మదిగా, రెండేసి దెబ్బలుగా. గుండె. తర్వాత ఒక్కో గిటారూ వచ్చి కలుస్తుంది. పేరు 'ఫస్ట్ బ్రెత్ ఆఫ్టర్ కోమా', కోమాలోంచి బయటపడ్డాక తీసుకునే తొలి ఊపిరి. పేరు తెలిస్తే గుండె, మానిటర్ అన్నీ వినిపిస్తాయి. తెలియకపోతే?

నన్ను చాలాకాలం పీడించిన ప్రశ్న ఇది. ఈ బృందానికి మాటలన్నీ పేర్లలోనే ఉన్నాయి. మూడో పాట 'సిక్స్ డేస్ ఎట్ ద బాటమ్ ఆఫ్ ది ఓషన్', సముద్రం అడుగున ఆరు రోజులు. ఆ పేరు చూడగానే 2000 ఆగస్టులో బారెంట్స్ సముద్రంలో 118 మందితో మునిగిపోయిన రష్యా జలాంతర్గామి కుర్స్క్ చాలామందికి గుర్తొస్తుంది. ఇక ఆ గిటార్ల నుంచి దుఃఖం తప్ప వేరే ఏదీ వినలేం. మరి మనల్ని కదిలించింది సంగీతమా, ఆ అయిదారు మాటలా? మన దగ్గర చిట్టిబాబు గారు 'కొమ్మలో కోయిల' అని వీణ మీద ఒక రచన చేశారు. అందులోనూ సాహిత్యం లేదు, పేరు మాత్రం ఉంది. అయినా పేరు చెప్పకుండా ఎవరికి వినిపించినా కోయిలను గుర్తుపడతారు. వీణ మీద కోయిల కూత కూయించారాయన. ఎక్స్‌ప్లోజన్స్ వాళ్ళ పేర్లు అలాంటివి కావు. సముద్రం అడుగు ఎలా ఉంటుందో గిటారు చెప్పలేదు. పేరు లేకుండా వింటే ఏం మిగులుతుందో తెలుసుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. నా చెవి పనికిరాదు, దానికి పేర్లన్నీ తెలుసు. అందుకే అమ్మను కూర్చోబెట్టాను.

మొదటి పాట అయిపోతుండగా కళ్ళు తెరవకుండానే అంది: "ఆ డ్రమ్ము అబ్బాయి మంచివాడురా. తొందరపడట్లేదు."

ఇన్నేళ్ళలో నేను చదివిన మెచ్చుకోళ్ళలో ఈ మాట ఎక్కడా లేదు. నేనూ రాయలేదు. అందరం గిటార్ల గురించే రాశాం. వెనక్కి వెళ్ళి వింటే నిజం. కిక్ డ్రమ్ అంత నెమ్మదిగా కొట్టడం ఎంత కష్టమో తాళం వేసినవాళ్ళకు తెలుస్తుంది. వేగంగా కొట్టేటప్పుడు కాలం దానంతటది పరుగెడుతుంది. విలంబంలో ప్రతి దెబ్బకూ మధ్య చెయ్యి జారిపోవడానికి బోలెడంత చోటుంటుంది. చుట్టూ మూడు గిటార్లు పైకి లేస్తుంటే డ్రమ్మర్‌కు మీద పడిపోవాలనే ఉంటుంది. క్రిస్ పడడు. స్నేర్ మీద సైనికుల కవాతులా ఒక దరువు పట్టి, చాలాసేపు అంతకన్నా ఒక్క దెబ్బ ఎక్కువ వేయడు. సింబల్స్ ముట్టుకోడు. చివరికి ముట్టుకున్నప్పుడు గది గోడలు వెనక్కి జరిగినట్టుంటుంది. ఆ ఎత్తుకు చేర్చింది గిటార్లని అనుకుంటాం. అన్నాళ్ళూ సింబల్స్ జోలికి పోకుండా కూర్చున్నవాడి వల్ల అంత ఎత్తు వచ్చింది.

ఆ అబ్బాయి కథ కూడా ఉంది. మిగతా ముగ్గురూ టెక్సస్ వాళ్ళయితే క్రిస్ ఇల్లినాయ్ నుంచి ఆస్టిన్‌కు వచ్చినవాడు. ఊళ్ళో ఎవరూ తెలియక ఒక కాగితం మీద ప్రకటన రాసి అతికించాడు. విషాదమూ విజయమూ రెండూ ఉన్న రాక్ బృందం కావాలని అందులో ఉంది. ఆ ముగ్గురు స్నేహితులు అది చూసి పలికారు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ నలుగురి సంగీతం ఆ ఒక్క వాక్యం సరిహద్దులోనే తిరుగుతోంది.

ఆ ముగ్గురూ పెరిగింది పడమటి టెక్సస్‌లోని మిడ్‌ల్యాండ్‌లో. డల్లాస్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆ దారిన కారులో వెళ్తూ వీడియో పంపాడు. "మావయ్యా, గంట నుంచి పోతున్నా. ఆకాశం తప్ప ఏమీ రావట్లేదు," అన్నాడు. చదునైన నేల. చెట్టు లేదు, గుట్ట లేదు. అక్కడక్కడా చమురు తోడే పంపులు మన ఏతాంలా వంగుతూ లేస్తూ ఉన్నాయి, తొందర లేకుండా, ఎవరూ దగ్గర లేకుండా. ఆ పక్క ఊరే ఒడెస్సా. అక్కడి పర్మియన్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1988లో ఆడిన ఆట మీద బజ్ బిస్సింగర్ పుస్తకం రాశాడు. 2004లో పీటర్ బెర్గ్ దాన్ని 'ఫ్రైడే నైట్ లైట్స్' పేరుతో సినిమాగా తీసినప్పుడు సంగీతం ఈ బృందమే చేసింది. ఆటల సినిమా అంటే మన దగ్గరయినా అక్కడయినా డోళ్ళూ బాకాలూ మామూలు. ఇందులో పదిహేడేళ్ళ కుర్రాళ్ళు ఖాళీ రోడ్ల మీద కారులో పోతుంటే సన్నటి గిటారు వినిపిస్తుంది. ఊరు ఊరంతా వాళ్ళ భుజాల మీద కూర్చుందని, ఈ ఒక్క ఏడాది పోతే ఆ కుర్రాళ్ళను ఎవరూ తలుచుకోరని ఆ గిటారు ముందే చెప్పేస్తుంది. జట్టు చివరికి ఓడిపోతుంది. ఆ ప్రాంతపు గాలి పీల్చి పెరిగినవాళ్ళు చేశారు కాబట్టే ఆ ఓటమికి అంత మర్యాద దక్కిందని నా నమ్మకం.

ఆ సినిమా తర్వాత ఈ పద్ధతిని ఎంతమంది ఎత్తుకున్నారో లెక్కలేదు. సన్నటి గిటారు, నెమ్మదిగా పెరగడం, చివర్లో హోరు. ప్రకటనలకూ సినిమా ట్రైలర్లకూ అది మందులా పనికొచ్చింది. అనుకరించినవాళ్ళు ఎత్తును తీసుకున్నారు, ఓర్పును వదిలేశారు. ముప్పై సెకన్లలో శిఖరం ఎక్కించాలంటే కొండ ఎక్కడుంటుంది? ఈ బృందం కూడా కొంతకాలం తన దారిలోనే తను పదేపదే నడిచింది. 2007 నాటి 'ఆల్ ఆఫ్ ఎ సడెన్ ఐ మిస్ ఎవ్రీవన్' నాకు ప్రాణమే. అయినా అందులో కొన్నిచోట్ల మలుపు ఎక్కడొస్తుందో ముందే తెలిసిపోతుంది. వాళ్ళకూ తెలిసినట్టే ఉంది. 2016లో 'ది విల్డర్‌నెస్' వచ్చేసరికి పాటలు చిన్నవయ్యాయి. తొమ్మిది పాటల్లో యంత్రాల ధ్వనులు వచ్చి చేరాయి, ఎన్నో చోట్ల ఎక్కుతామనుకున్న శిఖరం రానే రాదు. అది తక్కువ రకం అన్నవాళ్ళతో నేను ఏకీభవించను. తనకు అన్నం పెట్టిన పద్ధతిని పక్కన పెట్టడానికి చాలా ధైర్యం కావాలి. 2023లో వచ్చిన 'ఎండ్'లో పాత ఊపూ కొత్త రంగులూ రెండూ ఉన్నాయి. ఆ ఏడు పాటల్లో 'లవ్డ్ వన్స్' మళ్ళీ మళ్ళీ వింటున్నాను.

ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. మూడో పాట దగ్గర అమ్మ మంచినీళ్ళు అడిగింది. ఆపమంటావా అంటే ఆపొద్దంది. ఉక్క. ఇద్దరికీ చెమటలు. నాలుగో పాట 'మెమోరియల్' మొదలైంది. ఇది ఆల్బమ్‌లో అన్నిటికన్నా నిశ్శబ్దమైనది. చాలాసేపు ఏమీ జరగదు. దూరంగా ఒక నాదం పొగలా పరుచుకుని ఉంటుంది, దాని మీద గిటారు అప్పుడొకటి అప్పుడొకటి చుక్కలు పెడుతుంది. వీధిలో కూరగాయల బండివాడి కేక, వంటింట్లో కుళాయి బొట్టు, అమ్మ చేతిలో విసనకర్ర గాలి కొట్టే చప్పుడు, అన్నీ పాటకన్నా గట్టిగా వినిపిస్తున్నాయి. పేరు చెప్పలేదు నేను. స్మారకం అని చెప్పి ఉంటే ఎవరు గుర్తొచ్చేవారో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. గోడ మీద నాన్న ఫోటో ఉంది.

నాలుగు నిమిషాలో అయిదో గడిచాయి. నాదం ఒక పిసరు దగ్గరికొచ్చింది. స్నేర్ డ్రమ్ ఇంకా రాలేదు, రాబోతోందని నాకు మాత్రం తెలుసు. అమ్మకేసి చూశాను. కళ్ళు మూసుకునే ఉంది. విసనకర్ర ఆగిపోయి ఒళ్ళో ఉంది.